వడోద్‌లో పసుపెక్కని నీళ్ళు

ఒక మహానగరాన్ని మహమ్మారి నోట్లోంచి ఒంటిచేత్తో లాగిన యువకుడి వీరగాథ ఇది. ఆ యువకుణ్ణి నేనే. కొంచెం సర్దుకుని కూర్చోండి.

కూర్చున్నారా? అయితే నిజం చెప్పేస్తాను. మహానగరమంటే సూరత్ మొత్తం కాదు, వడోద్‌లో రెండు గల్లీలు. మహమ్మారి అంటే విరేచనాలు. ఇక ఒంటిచేత్తో నేను లాగిందంటారా, ఒక అమాయకుడి నోటికాడి కూడు.

అప్పట్లో నేను మెడికల్ కాలేజీలో ఎపిడెమియాలజీ విభాగంలో కొత్తగా చేరాను. రోగమొస్తే మందిచ్చే డాక్టర్లు వేరు. ఆ రోగం ఎవరికి, ఎక్కడ, ఎందుకొచ్చిందని ఆరా తీసే డాక్టర్లు మావాళ్ళు. నాన్న రైల్వే ఉద్యోగం పుణ్యాన సూరత్‌లో పెరిగి తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ సమానంగా తప్పులతో మాట్లాడతాను కాబట్టి నన్ను తీసుకున్నారు. మెడలో కార్డు మీద 'ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్' అని ఉండేది. అందులో 'ఫీల్డ్' అన్న మాట నేనెప్పుడూ చదవలేదు.

వడోద్‌లో మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ళుండే గదుల్లో విరేచనాలు పట్టుకున్నాయని కబురొచ్చింది. మా మేడమ్ గుజరాతీ డాక్టరు, అనుమానాన్నే వృత్తిగా చేసుకున్న మనిషి. ముందు కుళాయి నీళ్ళు చూసి రమ్మన్నారు. పరీక్ష సులువే. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వెయ్యాలి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళయితే పసుపెక్కుతాయి. పసుపెక్కలేదంటే ఎవరో కలపలేదన్నమాట. విభాగం ఫ్రిజ్‌లో చెయ్యిపెట్టి, తడిమి, మందు సీసా తీసి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మొదటి కుళాయి దగ్గర రంగు రాలేదు. రెండోదాని దగ్గరా రాలేదు. గల్లీ చివరిదాకా అదే వరస. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు వడోద్ మొత్తం మీద చుక్కంత పచ్చదనం కనిపించలేదు.

అక్కడ మెస్ నడిపే పోశవ్వ మొదట్నుంచీ నన్ను కనిపెట్టి చూస్తోంది.

"ఎవలు పంపిండ్రు బిడ్డా నిన్ను? శేఠా, మున్సిపాలిటోళ్ళా?"

డాక్టర్లు పంపారన్నాను.

"మరి సూదేది?"

మా డాక్టర్లు సూదులు వెయ్యరన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందకి చూసి, వెళ్ళి పప్పుగిన్నె మీద మూత పెట్టుకుంది.

ఆ కుళాయిల ట్యాంకు చూసుకుని, పౌడర్ కలిపేది మల్లయ్య. జగిత్యాల వైపు మనిషి. నడుం పట్టేసి మగ్గం మీద నిలబడలేకపోతే, ఆ గదుల యజమాని శేఠ్ ఈ పనిచ్చి, ఉండటానికో గది కూడా ఇచ్చాడు. ఆయన్ని చూడగానే నాకు కేసు తేలిపోయింది. పౌడర్ ఉన్న షెడ్డుకి తాళం. బస్తా మీద గోనెపట్టా. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన నీలం ప్యాంటు నిండా తెల్లటి మచ్చలు. వాటివైపు గుచ్చి చూశాను. ఆయన తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటే బ్లీచింగ్ దొంగ ప్యాంటు తడుముకోడా? రోజూ పౌడర్ కలిపేవాడి ప్యాంటు కూడా అలాగే ఉంటుందని మీకు తట్టి ఉంటుంది. మీ మెడలో కార్డు లేదు కదా మరి.

"గిట్ల జూస్తున్నవేంది సారూ? పొద్దుగాలే ఏసిన పౌడరు. జర నా చేతులు వాసన సూడు."

"దొంగలందరూ ముందు చేతులే చూపిస్తారు," అన్నాను. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అప్పుడే పుట్టింది.

తిన్నగా శేఠ్ దగ్గరికెళ్ళి, మీవాడు పౌడర్ అమ్ముకుంటున్నాడని చెప్పేశాను. పీసీఓ నుంచి మేడమ్‌కీ ఫోన్ కొట్టాను. విజయోత్సవంగా గల్లీ మొదట్లో ఉన్న బండి దగ్గర రంగు షర్బత్ పోసిన ఐసు గోలా కొనుక్కున్నాను. అది చీకుతూ వెనక్కొచ్చేసరికి, తాళాలిచ్చి సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమని శేఠ్ అనడం, మల్లయ్య భార్య గిన్నెలు బయటపెట్టడం కూడా అయిపోయాయి. నోట్లో గోలా చప్పబడింది. న్యాయం జరిగేటప్పుడు అలాగే ఉంటుంది కాబోలనుకుని ఇంకోటి కొన్నాను.

మేడమ్ కాలేజీ జీపులో దిగారు. మల్లయ్యని అనుమానంగా చూశారు. శేఠ్‌ని చూశారు. కుళాయిని చూశారు. నా మీద చూపు కొంచెం ఎక్కువసేపు ఆగింది. తర్వాత బకెట్‌తో నీళ్ళు తెప్పించి, తన కళ్ళముందే అందులో పిడికెడు పౌడర్ కలపమన్నారు.

మల్లయ్య కలిపాడు, కసికొద్దీ. ఘాటుకి శేఠ్ దగ్గు అందుకున్నాడు. పోశవ్వ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నా కళ్ళు ధారలు కట్టాయి.

"ఇప్పుడు చూడు," అన్నారు మేడమ్.

చుక్కలు వేశాను. గొట్టాన్ని ఎండకి పట్టి, కన్నీళ్ళలోంచి శ్రద్ధగా చూశాను.

"రంగు రాలేదు మేడమ్. ఇందులోనూ పౌడర్ లేదు."

పోశవ్వ కొంగు దించి అడిగింది.

"మరి కండ్లల్ల నీళ్ళెందుకు బిడ్డా? మల్లన్న మీద జాలా?"

మేడమ్ నా చేతిలో సీసా తీసుకుని మూత విప్పి వాసన చూశారు. తన సంచిలోంచి ఇంకో సీసా తీసి అదే బకెట్ నీళ్ళలో చుక్కలు వేశారు. పసుపు దాటి నారింజ రంగొచ్చింది. కుళాయి నీళ్ళలో వేస్తే నిమ్మపండు రంగు.

"ఇది గొట్టాలు కడుక్కునే నీళ్ళు," అన్నారు నెమ్మదిగా. "పొద్దుట్నుంచీ నువ్వు నీళ్ళలో నీళ్ళు వేసి చూస్తున్నావు."

ఆడలేనివాడు మద్దెల ఓడంటాడట. నేను మద్దెల ఇంట్లో మరిచిపోయొచ్చి, వాయించేవాడే దొంగన్నాను.

శేఠ్ తాళాలు తిరిగిచ్చేశాడు. గిన్నెలు లోపలికెళ్ళాయి. నేను క్షమించమంటే మల్లయ్య రెండు చేతులూ నా ముక్కుముందు పెట్టి, "ఇప్పుడన్న సూడు సారూ," అన్నాడు. చూశాను. ఆ రాత్రి అన్నంలో కూడా అదే వాసన.

విరేచనాల సంగతా? మంచాన పడ్డవాళ్ళందరూ గల్లీ మొదట్లో ఐసు గోలా తిన్నవాళ్ళేనని మేడమ్ తేల్చారు. ఆ శుభవార్త అందేసరికి నేను బాత్‌రూమ్‌లో ఉన్నాను. వడోద్ రోగుల్లో రైల్వే క్వార్టర్స్ చిరునామా ఉన్నది నాకొక్కడికే.

అగ్ని అందుబాటులో లేక, ఉప్పూ పంచదారా కలిపిన గ్లాసుడు నీళ్ళ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ముందు నా సంచిని అనుమానించకుండా సాటి మనిషిని అనుమానించను. వాసన చూడమని చాచిన చెయ్యిని ఈ జన్మలో కాదనను.

మా ఫ్రిజ్‌లో రెండు సీసాలూ ఒకే అరలో ఉండేవి, రెండూ గోధుమరంగువే. లోపలి బల్బు ఎప్పుడో మాడిపోయింది. తర్వాతి వారం కొత్తది వేశారు.