స్టేషన్ మెట్లు, మా మేనత్త కుట్టుమిషను

మా మేనత్త బట్టలు కుట్టేది. మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా కనిపించే ఒంటి గదే ఆమె కొట్టు. ఆఫీసులకు పోయేవాళ్లు పొద్దున ఊడిన జిప్పులూ చిరిగిన అంచులూ ఆమె బల్ల మీద పడేసి, సాయంత్రం తీసుకుపోయేవారు. ఒక మనిషి ఇంత నిమ్మళంగా బతుకుతుంటే అభివృద్ధికి కన్ను కుట్టదా? స్టేషన్‌ను ఆనుకుని పెద్ద మాల్ లేచింది.

రైలు దిగినవాళ్లకు వీధిలోకి దిగే శ్రమ ఎందుకని ఆ మెట్లకు తాళం వేసి, మాల్ రెండో అంతస్తులోకి వంతెన కట్టారు. శ్రమ ఎంత తగ్గిందంటే, ఇంటికి పోదామనుకున్న మనిషి సెంట్లు, చెప్పులు, సోఫాలు అన్నీ దర్శించుకుని ఎక్కడో వెనక గేటు దగ్గర తేలేవాడు.

అత్త ఈగలు తోలుకుంటూ కూర్చుంది. మామయ్యకు మాత్రం మాల్ తెగ నచ్చింది. రిటైరయ్యాక ఇంట్లో చేస్తున్న పనినే, అంటే కూర్చోవడాన్నే, అక్కడ చల్లగా చేసుకోవచ్చు.

చివరికి అత్త మాల్ మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"ఆ మెట్ల తాళం తీయించండి బాబూ."

"మెట్లెందుకమ్మా? మీరే లోపలికొచ్చేయండి!" అన్నాడు సూటు వేసుకున్న ఆ కుర్రాడు.

కింది అంతస్తులో 'పాత వీధి' అని ఒక అద్దాల గది కట్టారు. అట్ట ఇటుకల గోడ, వెలగని వీధి దీపం, మూలన ఒక తెర, మధ్యలో మిషను ముందు అత్త. వేరే దారి లేక ఒప్పుకుంది. మిషను తొక్కబోతే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"చప్పుడవుతుందమ్మా. కుడుతున్నట్టు కూర్చోండి, చాలు."

జనం ఆమె పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒకాయన, మిషను ఒక్కటే పడాలి, కాస్త జరగమన్నాడు. అత్త ఒళ్లు మండుతూనే జరిగింది.

ఒకరోజు మాల్ యజమాని వచ్చాడు. పూలగుత్తి ఇస్తూ మేనేజరు మరీ భక్తిగా వంగాడు. పాంటు వెనక టర్రుమంది. చేతిలో ఫైలు వెనక్కి అడ్డం పెట్టుకుని అద్దాల గదిలోకి దూరి, తెర చాటుకు పోయి, పాంటు బయటికి అందించాడు.

"తొందరగా అమ్మా! సార్ మీటింగుకి పిలుస్తున్నారు!"

అత్త పాంటును తాపీగా తిరగేసింది. "కుడితే చప్పుడవుతుంది కదా బాబూ?"

"అవనీయండి!"

"'మెట్లు' అని బిళ్ల ఉన్న తాళంచెవి ఈ జేబులోనే ఉంది. నేను తీసుకుంటే దొంగతనం. మీరు ఇచ్చారంటే ప్రజాసేవ."

తెర వెనక నుంచి మహా నీరసంగా, "తీసుకోండి" అని వినిపించింది.

కుట్టు మాత్రం అత్త గట్టిగానే వేసింది. అప్పుడే వెళ్లి తాళం తీసి, మిషను కొట్టుకు చేర్చుకుంది. తాళం ఎలా తెరుచుకుందో యజమానికి చెప్పుకోలేక మేనేజరు దాన్ని మళ్లీ వేయలేదు. వారం తిరక్కుండా ఆ మెట్ల దగ్గర బోర్డు వెలిసింది: 'ప్రజల సౌకర్యార్థం మాల్ యాజమాన్యం సరికొత్త కానుక.' దాని పక్కన నవ్వుతూ మేనేజరు ఫొటో.

పాత గిరాకీలో సగమే తిరిగొచ్చింది. మిగతా సగం సోఫాల దారికి అలవాటు పడిపోయింది. అద్దాల గదిలో ఇప్పుడు ఒక ప్లాస్టిక్ బొమ్మను కూర్చోబెట్టారు.

"ఎవరూ తేడా పట్టట్లేదే," అన్నాడు మామయ్య ఒక సాయంత్రం అత్తతో. "కళ్లజోడు మరిచిపోయిన రోజు నేనూ దాంతో కాసేపు మాట్లాడా. ఎదురు చెప్పకుండా ఎంత బుద్ధిగా విందో!"

ఆ పూట భోజనం ఆయనే వడ్డించుకున్నాడు.