నాట్ల పాటల క్యాసెట్లు

నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవు పెట్టి గని కార్మికులుండే సెంటినరీ కాలనీలో నాన్న క్వార్టరుకు వచ్చినప్పుడు, పాత పరిశోధనలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెడుతున్నామని కాస్త గొప్పగానే చెప్పాను. పక్క క్వార్టరు పెద్దమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది.

"మా ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు బాయి కింద పోకముందు ఒక సదువుకునే పిల్ల టేపురికార్డు పట్టుకొని వచ్చింది బిడ్డా. మా అవ్వతోని నాట్ల పాటలు పాడిచ్చుకున్నది. అయి గూడ ఉంటయా?"

"ఉంటయి పెద్దమ్మా. అవ్వ గొంతు నేను తెస్త," అన్నాను.

లైబ్రరీకి తిరిగి వెళ్లాక ఊరి పేరుతో వెతికితే ఆ పరిశోధన సులభంగానే దొరికింది. పాటల అక్షరాలు స్క్రీన్ మీద స్పష్టంగా ఉన్నాయి. రెండు క్యాసెట్లు జతచేసినట్టు చివరి పేజీలో రాసి ఉంది. రెండు రోజులు స్టోర్‌రూమ్ అంతా గాలిస్తే, విరిగిన కుర్చీల వెనక ఒక అట్టపెట్టెలో కనిపించాయి. టేపుకు తెల్లగా బూజు పట్టింది. పాత రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మెల్లగా తిప్పి చూస్తుండగానే ఒకటి తెగింది. రెండోది ముట్టుకోనన్నాడు.

దాన్నైనా బాగుచేయిద్దామని మా పైఅధికారిని అడిగాను. "డబ్బు మంజూరైంది కాగితాల స్కానింగుకే. టేపుల సంగతి ఇప్పుడు ఎత్తకండి," అన్నారు. క్యాసెట్ల మీది చీటీలను మాత్రం స్కాన్ చేయించారు.

ఏం చేయాలో తోచక పాటల పేజీలు ప్రింటు తీసి తెచ్చాను. పెద్దమ్మకు చదువు రాదు కాబట్టి నేనే చదివాను. రెండు చరణాలు కాకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"మాటలు గవ్వే. గని గిట్ల కాదు. మా అవ్వ ఎట్ల సాగదీసేదంటే..." అంటూ ఎత్తుకుంది. మొదటి పాదం వచ్చింది. రెండోదానికి రాగం అందలేదు. మళ్లీ మొదలుపెట్టింది. మూడుసార్లూ అక్కడే ఆగింది.

"ఒక్కసారి ఇంటే చాలు, అందుకుంట. గొంతు తెస్తనంటివి కద బిడ్డా?"

అప్పుడు చెప్పాను, రెండు టేపుల్లో ఒకటి తెగిందని.

"ఇంకోటి ఉన్నది కద?"

ఉన్నదన్నాను. అది తిరగదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే అడిగేది. "చూస్తున్న పెద్దమ్మా," అనేవాణ్ని.

పోయిన నెల వెళ్తే ఆమె అడగలేదు. చాయ్ ఇచ్చింది. నాన్న డ్యూటీ నుంచి ఎప్పుడొస్తాడో కనుక్కుంది. నేనూ ఆ మాట ఎత్తలేదు.