మొహాలు తిప్పుకున్న వానాకాలం

శ్రావణంలో నన్ను గోదావరిఖనికి కాపురానికి తెచ్చి దించారు. డెబ్బైల తొలి ఏళ్లు అవి. వరుసలు వరుసలుగా కంపెనీ క్వార్టర్లు, అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒకరోజు మా ఇల్లే అనుకుని పక్కింట్లోకి పోయి, పొంగుతున్న పాలు కూడా దించాను. తలుపు గుర్తుపట్టడం తొందరగానే వచ్చింది. లోపలి మనిషే అంతుపట్టలేదు.

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. కానీ నాతో మాట్లాడాలంటే చాలు, మొహం పక్కకు తిప్పేవాడు. "తిన్నవా?" అని తలుపును అడిగేవాడు. "కూర మంచిగున్నది" అని గోడకు చెప్పేవాడు. ఒకసారి మల్లెపూలు తెచ్చి, కిటికీ వైపు చూస్తూ నా చేతిలో పెట్టాడు. ఆ పూలు తీసుకెళ్లి కిటికీకే ముడుద్దామన్నంత కోపం వచ్చింది నాకు. నేను నచ్చలేదు, పెద్దవాళ్లు పట్టుబడితే తాళి కట్టాడు, అంతే అనుకున్నాను. వంట చేస్తూ ఏడ్చాను, ఏడుస్తూనే వంట చేశాను.

మా ఊరి కాక ఒకాయన, నాకు చిన్నాన్న వరస, అదే బాయిలో పనిచేసేవాడు. ఆయన ఊరికి పోతుంటే మా నాన్నకు, బాపుకు, కబురు పంపాను: "బతుకమ్మ పండుగకు తీస్కపో. మళ్ల నేను గిక్కడికి రాను."

అంతలో కండ్ల కలక వచ్చిపడింది. దేశమంతా తిరుగుతోందని రేడియోలో చెప్పారు. కళ్లలోకి చూస్తే చాలు, అంటుకుంటుందని అందరి నమ్మకం. కాలనీకి కాలనీ తల వంచుకుంది. నల్లా దగ్గర ఆడవాళ్లం బిందెలతో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్లం. ప్రాణం తీసే రోగం కాదు. అయినా చూపు పోతే బాయిలో పని పోతుందని ఇంటింటా ఫికర్. ఆ భయం కంటే, మనిషి మొహం చూడకుండా రోజులు గడపడమే మనసును ఎక్కువ పిండింది. నెమ్మదస్తులు కూడా కయ్యానికి కాలు దువ్వారు.

"నువ్వే చూసినవ్ నా దిక్కు!"

"నీ దిక్కెందుకు చూస్త? నువ్వేమన్న సినిమాల హీరోయిన్‌వా?"

ఒకామె పొద్దంతా కోడిపెట్టతో కష్టసుఖాలు చెప్పుకునేది. కోడికి కలక రాదు కదా.

నాకు దిక్కు పక్కింటి అక్క, నేను పాలు దించింది వాళ్లింట్లోనే. వాళ్లు క్రైస్తవులు, వాళ్లాయనదీ అదే బాయి. మా ఇళ్ల మధ్య చిన్న గోడ ఉండేది. ఆమె అటు, నేను ఇటు గోడకు వీపులు ఆనించి కూర్చుని కబుర్లాడేవాళ్లం. "మా చర్చిల ఏం ఫికర్ లేదు చెల్లె, అందరం కండ్లు మూసుకునే ప్రార్థన జేస్తం" అని నవ్వేది. ఆ నవ్వు వినడానికే నేను పని తొందరగా ముగించుకునేదాన్ని.

ఒకరోజు మా ఆయనకూ కలక అంటుకుని కళ్లు వచ్చాయి. డ్యూటీకి రావద్దన్నారట. ఇంట్లో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. పోయి అక్కతో అన్నాను: "మా ఇంట్ల గీ రోగం ముందునుంచే ఉన్నదక్కా. పెండ్లయిన కాడికెంచి ఆయన నా మొఖం చూసి మాట్లాడలే."

అక్క నవ్వు ఆపుకోలేక గోడ మీద చెయ్యి చరిచింది.

"ఓ పిచ్చిదానా! బాయిల టోపీకి లైటుంటది. మొఖం ఎటు తిప్పితె లైటు అటే పోతది. ఎదురుంగ చూసి మాట్లాడితే అవతలోని కండ్లల్ల కొడుతది, వాడు గుడ్డోడైతడు. అందుకే మర్యాదున్నోడు మొఖం పక్కకు తిప్పి మాట్లాడుతడు. ఇంటికొచ్చినా గదే అలవాటు. మా ఆయన గూడ కొత్తల గట్లనే. నేను ముద్దుగున్ననన్న మాట మా బీరువాకు చెప్పిండు!"

తలుపు, గోడ, కిటికీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటికి చెప్పినవన్నీ నాకు చెప్పిన మంచి మాటలే.

లోపలికి పోయి ఆయన ముందు కూర్చున్నాను.

"ఇంట్ల టోపీ లైటు గిట్ల లేదు గదా. మొఖం గిటు తిప్పరాదు?"

"వద్దు. నీకు అంటుకుంటది."

"అంటుకోనియ్."

చాలాసేపటికి తిప్పాడు. రెప్పలు వాచి, కళ్లు చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. అంత అందమైన మొహం నేను అంతకుముందు చూడలేదు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఇంకేముంది, రెండు రోజుల్లో నాకూ వచ్చాయి.

సరిగ్గా అప్పుడే బాపు దిగాడు. నా కళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎంత ఏడ్సినవ్ బిడ్డా!"

"ఏడ్వలే బాపు, కండ్లొచ్చినయ్."

ఆయన నమ్మలేదు. నా కబురే ఆయన చెవుల్లో ఉంది. అంతలో మా ఆయన ఇంట్లోకొచ్చాడు. "నా బిడ్డను ఎందుకు ఏడిపిచ్చినవ్?" అని బాపు గద్దించాడు. మా ఆయన ఎంతో మర్యాదగా మొహం గోడకు తిప్పి, "నేనేమనలే మామా" అన్నాడు.

బాపు అగ్గయిపోయాడు. "మొఖం చూసి చెప్పే ధైర్యం గూడ లేదా!"

నేను మధ్యలోకి దూరి లైటు సంగతి, టోపీ సంగతి గడగడా చెప్పాను. గోడవతల అక్క పగలబడి నవ్వుతోంది. బాపు నావైపు అనుమానంగానే చూశాడు. "పండుగైనంక చూద్దాం తియ్" అని నన్ను వెంటబెట్టుకుపోయాడు. మళ్లీ పంపుతాడో లేదో అని దారంతా బెంగపడ్డాను.

ఊళ్లో బతుకమ్మ ఆడుతున్నా నా మనసు క్వార్టర్ చుట్టే తిరిగింది. ఇంతలో బాపుకు కళ్లు వచ్చాయి. ఎర్రటి కళ్లు తుడుచుకుంటూ, మా అమ్మకు అంటుకోకుండా మొహం గోడకు తిప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆ గోడతోనే అన్నాడు: "అయితే నువ్వు ఏడ్వలేదన్నట్టు."

పండుగ కాగానే మా అన్నను తోడిచ్చి బస్సెక్కించాడు.

గోదావరిఖనిలో దిగేసరికి అప్పుడే షిఫ్టు వదిలారు. రోడ్డు పక్కన బొగ్గు పూసుకున్న మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు, ఎవరు ఎవరో తెలియదు. "గీళ్లల్ల బావ ఎవలే?" అన్నాడు అన్న. ఆడవాళ్లు దిగుతున్నారని వాళ్లంతా అలవాటుగా మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

ఒక్కడు తిప్పుకోలేదు. నేను సంచీ అన్న చేతిలో పెట్టి, నేరుగా అతని దగ్గరికి నడిచాను.