శంకరయ్య గారి బండి నీలం

అది 2023 వేసవి. సికింద్రాబాద్ స్టేషన్ దాటి సీతాఫల్‌మండి వైపు వెళ్లే దారిలో ఉంది మా రంగుల కొట్టు. గోడలకు వేసే రంగులు కావు, బండ్లకు వేసేవి. గుంటూరు వైపు నుంచి వచ్చి నాన్న పెట్టిన కొట్టు. ఆయన తర్వాత కౌంటర్ వెనక నేను నిలబడితే, "మేడం, సార్ లేరా?" అని అడిగినవాళ్లు చాలామందే. "సార్ లేరు. మీకు రంగు కావాలా, సార్ కావాలా?" అని నేనూ అడిగేదాన్ని. నా నోరు కాస్త దురుసే. ఈ వ్యాపారంలో అది పనికొస్తుంది కూడా.

మా పని సంగతి కొంచెం చెబుతాను. రంగు ఇవ్వడమంటే డబ్బా మూత తీసి పోయడం కాదు. టింటర్లని ఉంటాయి, అంటే చిక్కటి మూల రంగులు. కొత్త బండికైతే కోడ్ ఉంటుంది. ఆ కోడ్ కొడితే ఏ టింటర్ ఎంత కలపాలో కంప్యూటరే చెబుతుంది. పాత బండ్లకు ఆ సుఖం లేదు, కంటితోనే కలపాలి. కలిపిన రంగును ప్యానెల్ మీద, అంటే అరచేతి అంత రేకు ముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, బయట వెలుతురులో చూడాలి. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. ట్యూబ్‌లైట్ కింద ముద్దొచ్చిన రంగు ఎండలో మొహం మాడ్చుకుంటుంది. అందుకే పాత బండిని ఇంట్లోనే బాగు చేసుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే. రంగంతా గీకేయకండి, సీటు కిందో ట్యాంకు అడుగునో ఎండ తగలని చోట ఒక్క ముక్క నమూనాగా ఉంచండి అని.

శంకరయ్య గారు అంతా గీకేశాకే వచ్చారు.

ఆయన నాకు కొత్తవారేం కాదు. ఒకప్పుడు ఇక్కడి నుంచి బోయిన్‌పల్లి దాకా ఎన్నో దుకాణాల బోర్డులు ఆయన చేత్తో రాసినవే. మా కొట్టు పాత బోర్డు కూడా. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మూలపడింది, ఆయనతో పాటు ఆయన మోటార్ సైకిల్ కూడా. రెండు సైలెన్సర్ల పాత బండి అది. దాని మీద నిచ్చెన కట్టుకుని, వెనక భార్య సుగుణమ్మ గారు ఒళ్లో రంగు డబ్బాలు పెట్టుకుని కూర్చుంటే, ఇద్దరూ ఊరంతా తిరిగేవారు. ఇప్పుడా బండిని ఇంటి వాకిట్లో విప్పి, తుప్పు దులిపి, ప్రైమర్ కూడా కొట్టారు. ప్రైమర్ అంటే అసలు రంగు రేకును పట్టుకునేందుకు ముందు వేసే పూత. ఇక మిగిలింది రంగే.

"ఆస్మాన్ రంగు గావాలె బిడ్డా," అన్నారు. "ఫీకా గాదు. వాన వడి ఎలిసినంక పొద్దుగాల ఉంటది చూడు, గా ఆస్మాన్."

"నమూనా ఏదండీ?"

"నమూనా ఎందుకు? గా రంగు కలిపిందే నేను. నా కండ్లల్ల ఉన్నది."

అంత నమ్మకంగా చెప్పాక ఇంకేమంటాం. ఏది ఎంత వేయాలో ఆయన చెబుతుంటే నేను కలిపాను. మొదటి ప్యానెల్ నాకు భలే నచ్చింది. ఆయన దాన్ని ఎండలోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచారు.

"మంచిగనే ఉన్నది గని, ఆకుపచ్చ మీద కొడ్తున్నది. జెర నీలం వెయ్."

నేను ఆకుపచ్చ టింటర్ మూత కూడా తీయలేదు. అయినా నీలం వేశాను. మళ్లీ అదే మాట. ఇంకాస్త వేశాను. రోజు విడిచి రోజు వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ఆకుపచ్చ, ఆకుపచ్చ. చివరికి నా సరుకు మీద నాకే అనుమానం వచ్చింది. తెలుపు డబ్బా పాతబడి పసుపెక్కిందేమోనని కొత్త డబ్బా తెరిచి, ఉత్త తెలుపు ఒక ప్యానెల్‌కి కొట్టి ఆయన చేతిలో పెట్టాను.

"ఇందులో పసుపు ఉందా, చెప్పండి."

"గిది తెలుపు ఎట్లయితది? క్రీమ్ గదా," అన్నారు తాపీగా.

నన్ను ఏడిపించడానికే అంటున్నారనుకున్నాను. పెద్దాయన కాబట్టి ఊరుకున్నాను గానీ, ఇంకొకరైతే ఆ రోజే దండం పెట్టి పంపేసేదాన్ని. ఆఖరికి ఆయన సరేనన్న రంగు ఎలా ఉందంటే, వంకాయకీ సిరాకీ మధ్యలో ఉంది. "శంకరయ్య గారూ, ఇది ఆకాశం కాదండీ," అన్నాను. "నీకు తెల్వది," అని డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. పీడా పోయిందనుకున్నాను.

కొన్నాళ్లకు సుగుణమ్మ గారు కొట్టుకొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బిడ్డా, నువ్వు ఒకపారి ఇంటికొచ్చి చూడు. మనిషి పరేషాన్ అయితున్నడు. ట్యాంకుకు రంగేసిండు, గీకిండు, మల్లేసిండు. కాప్రా చెరువు కాడ ఎవరో కొత్తగ టిఫిన్ సెంటర్ పెట్టిండ్రు. ఫ్లెక్సీ వద్దు, చేత్తోనే బోర్డు రాయాలె అని ఈయన్ను ఎతుక్కుంట వచ్చిండ్రు. గిన్నేండ్లకు వచ్చిన పని. బండి అయినంక రాస్త అంటడు. బండేమో అయితలేదు. అది అయిందంటే బోర్డు రాయాల్సొస్తదని కావాలనే ఆపుతున్నడేమో అని నా డౌటు."

ఆ చివరి మాటకి నా కోపం దిగిపోయింది. ఇన్నాళ్లూ నేను రంగు గురించి గొడవనుకున్నాను. ఒక మనిషి మళ్లీ కుంచె పట్టుకుంటాడా లేదా అన్నది అసలు గొడవ. ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లాను. నేను కొట్టిన ప్యానెళ్లకు చిల్లులు పెట్టి తీగకు గుచ్చి ఉంచడం నాన్న నేర్పిన అలవాటు. శంకరయ్య గారి ప్యానెళ్ల గుత్తి, తెల్లదానితో సహా, నా సంచిలోనే ఉంది.

దుమ్ము లేవకుండా వాకిలంతా నీళ్లు చల్లి ఉంది. బట్టలారేసే దండేనికి ట్యాంకు వేలాడుతోంది, నిండా వంకాయ రంగుతో. శంకరయ్య గారు పీట మీద కూర్చుని దాన్నే చూస్తున్నారు. నన్ను చూసి, "ఇంకింత నీలం వడాలె," అన్నారు.

సుగుణమ్మ గారు నన్ను లోపలికి పిలిచారు. మంచం కిందున్న తన సందూక్ బయటికి లాగి మూత ఎత్తారు. పెళ్లినాటి రేకుపెట్టె అది. మూత లోపలి వైపు చక్కటి నీలం. "బండికి ఏసిన దినమే మిగిలిన రంగు దీనికేసిండు. లోపట ఉన్నది గదా, ఎండ తాకలే," అన్నారు. నేను గుత్తిలోంచి మొదటి ప్యానెల్ తీసి ఆ మూతకి ఆనించాను. రేకు ఎక్కడ అయిపోయిందో, మూత ఎక్కడ మొదలైందో వేలితో తడిమితే తప్ప తెలియలేదు. మొదటి రోజే సరిగ్గా కలిపామన్నమాట. ఆయన నోటితో చెప్పారు, నేను కలిపాను, రంగు కుదిరింది. ఒక్క ఆయనకే కుదరలేదు.

సందూక్‌ని ఇద్దరం వాకిట్లోకి మోసుకొచ్చాం. ఆయన వంగి చూసి, "గిది ఆకుపచ్చ. దీని రంగు మారింది," అన్నారు.

"మారింది గీ రంగు గాదు," అన్నారు సుగుణమ్మ గారు. "మొన్న నీ ధోతి పసుపు వట్టిందని నన్ను ఎన్ని మాటలన్నవ్? సోడాల నానవెట్టి ఉతికిన. పాలోలె మెరుస్తుంటె మల్ల పసుపే అంటివి."

నాకు ఆ 'క్రీమ్' గుర్తొచ్చింది. గుత్తిలోంచి తెల్ల ప్యానెల్ తీసి ఆయన చేతికిచ్చాను.

"ఇదేం రంగండీ?"

"మొన్ననే చెప్పిన గదా. క్రీమ్."

సుగుణమ్మ గారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆవిడే ఆయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పారు. "అది తెలుపే."

"నా కండ్లకేమైంది?" అని ఆయన గట్టిగా అరిచారు. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. ఆ తర్వాత ఆ ప్యానెల్‌ని ఒళ్లో పెట్టుకుని, దాని అంచును వేలితో తడుముతూ చెప్పారు.

"అక్షరాల అంచులు పొగ వట్టినట్టు కనవడ్తున్నయ్ బిడ్డా. చానా దినాల సంది. ఎవ్వలకు చెప్పలే. పని ఫ్లెక్సీలు గుంజుకున్నయ్. చూపు సుత పాయె అంటె ఇంక నేనెవర్ని? గా టిఫిన్ సెంటరాయన గోడ చూపిస్తుంటె, బండి అయినంక రాస్త అని తప్పించుకున్న."

అంత మంచి పనితనం ఉన్న మనిషి, ఇన్నాళ్లూ ఈ భయాన్ని మోస్తూ నా కొట్టుకు తిరిగారని తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది. సుగుణమ్మ గారికి మాత్రం రాలేదు.

"మోతిబిందు అయ్యుంటది. మా అక్కకు గిట్లనే ఉండె. తీపిచ్చుకుంది, ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తున్నది. గీ ముచ్చట మొదలే చెప్తె నాకు ధోతి చాకిరన్న తప్పుతుండె," అన్నారు.

ఆవిడ అన్నట్టే అది శుక్లం. కంటిలోపలి కటకం వయసుతో పసుపెక్కుతుందట, అప్పుడు నీలం సరిగ్గా లోపలికి అందదట. డాక్టర్ చెప్పిన మాట సుగుణమ్మ గారు ఫోన్‌లో నాకు చెప్పారు. అంటే ఆయన లోకానికంతా ఒక పల్చటి పసుపు పూత వేసి ఉంది. పసుపు మీద నీలం పడితే ఏమవుతుందో రంగులు కలిపేదాన్ని, నాకు ఒకరు చెప్పాలా? తెల్ల ప్యానెల్‌ని క్రీమ్ అన్న రోజే ఆలోచించి ఉండాల్సింది. ఎదుటి మనిషి మొండివాడని అనుకోవడం తేలిక కాబట్టి అదే అనుకున్నాను.

ఒక కన్నుకు ఆపరేషన్ అయి, డాక్టర్ బయట తిరగమన్నాక, భార్యాభర్తలు ఆటోలో ట్యాంకు పెట్టుకుని కొట్టుకొచ్చారు. ఆయన దాన్ని కౌంటర్ మీద పెట్టి నల్ల కళ్లద్దాలు తీశారు.

"గిది ఏం రంగు బిడ్డా? గిట్ల ఎవడేసిండు?"

"ఎవడో ముసలి ఆర్టిస్టు," అన్నారు సుగుణమ్మ గారు.

నేను నవ్వాపుకుంటూ మొదటి ప్యానెల్ తీసి ఇచ్చాను. ఆయన కొట్టు ముందు ఎండలోకి వెళ్లి, ఒక కన్ను మూసి చూశారు, రెండో కన్ను మూసి చూశారు. మళ్లీ మొదటిది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోలేదు.

"గీ కన్నుతోని చూస్తె నా బండి," అన్నారు. "గా కన్నుతోని చూస్తె ఆకుపచ్చ."

"అయితే నేను ఇన్నాళ్లూ గొడవపడ్డది ఆ కన్నుతోనన్నమాట."

ఆయన పగలబడి నవ్వారు. నవ్వుతూనే ముంజేత్తో కళ్లు తుడుచుకోబోతే, "చెయ్యి వెట్టకు, డాక్టర్ ఏమన్నడు?" అని సుగుణమ్మ గారు చెయ్యి పట్టుకుని ఆపారు. నాకు ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. వచ్చినవాళ్లందరితో మర్యాదగా మాట్లాడానట, మా పక్క కొట్టతను ఆశ్చర్యపోయాడు.

రెండో కన్ను కూడా అయ్యాక, దుమ్ములో పని చేయొచ్చని డాక్టర్ చెప్పాకే ట్యాంకు మళ్లీ గీకారు. ఈసారి రంగు కలపడానికి ఒక్క పూట పట్టింది. రంగు పైన మెరుపు కోసం క్లియర్ కోట్ కొడతారు. దానికి ముందు ట్యాంకు పొడవునా సన్నటి తెల్లగీత వేయాలి. అందరూ దానికి స్టిక్కర్ అంటిస్తారు. నేనూ స్టిక్కర్ రోల్ తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని వేలితో పక్కకు నెట్టి, చిన్న కుంచె ఒకటి అడిగారు.

చలికాలం మొదలవుతుండగా ఒక ఉదయం కొట్టు ముందు బండి చప్పుడైంది. ఆకాశం రంగు ట్యాంకు, దాని మీద మొదటి నుంచి చివరి దాకా వణకని తెల్లగీత. పక్కన నిచ్చెన కట్టి ఉంది. వెనక సీటు మీద సుగుణమ్మ గారు ఒళ్లో రంగు డబ్బాలతో కూర్చుని ఉన్నారు. కాప్రా వెళ్తున్నారట, బోర్డు రాయడానికి. దారిలో కొంచెం ఎర్రరంగు కావాలని ఆగారు.

ఆ వేసవి తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆ తెల్ల ప్యానెల్ కౌంటర్ మీదే ఉంటుంది. రంగు కుదరలేదని ఎవరైనా రెండోసారి తిరిగొస్తే, వాళ్లతో వాదించే ముందు దాన్ని చేతిలో పెట్టి ఇదేం రంగని అడుగుతాను. ఎదుటివాళ్లకు లోకం ఎలా కనిపిస్తోందో తెలియకుండా నా డబ్బాలో రంగు సరైనదని వాదించి లాభం లేదు. చాలామంది నన్ను వింతగా చూస్తారు. ఒకరిద్దరు మాత్రం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లారు.

ఆ రోజు ఎర్రరంగు కడుతూ, ఊరికే, సరదాకి, ఆ ప్యానెల్ శంకరయ్య గారి ముందుకు జరిపాను.

"ఇదేం రంగండీ?"

ఆయన కళ్లద్దాలు లేకుండానే, చేతిలోకి కూడా తీసుకోకుండా దాన్ని చూశారు.

"తెలుపు," అన్నారు. "గని మూలకు నీ ఏలిముద్ర వడ్డది. తుడువు బిడ్డా."