మేకకు ఎక్స్‌రే తీసిన మా మేనత్త

పోయిన నెల ఒక ఉదయం హిందూపురం బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కబోతుంటే పెనుకొండ నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పొయింది నాయనా. నిద్దర్లోనే. శబ్దం కూడా చేయలేదు." మా మేనత్త శబ్దం చేయకుండా చేసిన పని జీవితం మొత్తంలో అదొక్కటే. కన్నీళ్లతో పాటు ఆ ఆలోచన కూడా వచ్చినందుకు సిగ్గుపడుతూనే పెనుకొండ బస్సెక్కాను.

అత్త పెనుకొండలోని ఒక చిన్న ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఎక్స్‌రేలు తీసింది. తీసి ఊరుకునే మనిషి కాదు. మిషను లోపల ఏం జరుగుతుందో చెప్పకుండా ఏ రోగినీ బయటికి పంపేది కాదు. ఒకసారి మోకాలి నొప్పితో పరిగి నుంచి వచ్చిన అవ్వకు చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"ఈ గాజు బుడ్డిలో ఒక పక్క సన్న తీగె కాలుతాది. ఆడినుంచి ఎలెక్ట్రాన్లని, కంటికి కనపడనంత చిన్నవి, యమా స్పీడుగా పరిగెత్తి ఎదురుగా ఉండే లోహానికి గుద్దుకుంటాయి. గుద్దుకోని ఆగినాక ఆ స్పీడంతా యాడికి పోవాల? నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఉత్త వేడి. మిగిలిన రవ్వంతే ఎక్స్‌రే. దాంతోనే నీ ఎముక బొమ్మ."

అవ్వ శ్రద్ధగా విని, "అంత గట్టిగా గుద్దుకుంటే వాటికి దెబ్బ తగల్దా తల్లీ?" అంది.

"ఇన్నేండ్లలో ఈ మాట ఎవురూ అడగలేదవ్వా," అంది అత్త. ఆ రోజంతా దాని గురించే మాట్లాడింది.

ఆ వేడి లెక్క ఇంట్లో కూడా పనికొచ్చేది. చారులో ఉప్పు తగ్గిందని మామ రంకెలేస్తే, ఆమె తాపీగా, "వేడే వస్తాండాది, బొమ్మ రాలేదు," అనేది.

కొన్నేళ్ల కిందట ధర్మవరంలో మా చిన్నాయన కూతురి నిశ్చితార్థం. పూలతట్టలో పెట్టిన ఉంగరం మాయమైంది. పాత్రలు కడగడానికి వచ్చిన ఆమె మీద అనుమానం పడింది. పాపం, కొంగు విదిలించి చూపింది, పిల్లల మీద ఒట్టు పెట్టింది. పెళ్లికొడుకు నాయన అందరికన్నా గట్టిగా అరుస్తూ పోలీసులను పిలవమన్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

అత్త మాత్రం ఖాళీగా ఉన్న పూలతట్టను, దాని పక్కన నెమరేస్తున్న చిన్నాయన మేకను మార్చి మార్చి చూసింది.

"అర్ధగంట నుంచీ వేడే వస్తాండాది," అంది. "తట్టలో పూలు ఎవురు తినిండారో అడిగినారా? బొమ్మ తీద్దాం పదండి."

మేకను సామాన్ల ఆటోలో పెనుకొండకు తెచ్చాం. పాత్రలు కడిగే ఆమె, తన కళ్లతో చూడాలని వెంట వచ్చింది. ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేస్తే నవ్వాపుకోలేక సరేనన్నాడు. అత్త రిజిస్టరులో "పేరు: మేక. బాధ: ఆకలి" అని రాసింది. మేకను కదలకుండా పట్టుకునే మనిషి కావాలంటూ, కిరణాలు ఆపే బరువైన సీసపు కోటు తెచ్చి పెళ్లికొడుకు నాయనకు తొడిగింది.

"నేనేలమ్మా?" అన్నాడాయన.

"గట్టిగా అరిచినారు గదన్నా. గట్టిగా పట్టుకుంటారు."

ఫిల్ములో మేక పక్కటెముకల కింద ఉంగరం గుండ్రంగా, తెల్లగా కనిపించింది. అందరం పడీ పడీ నవ్వాం. పాత్రలు కడిగే ఆమె నవ్వలేదు. "నేను చెప్తే నమ్మలే. మేక కడుపు చెప్తే నమ్మినారు," అంది. అత్త పెళ్లికొడుకు నాయన వైపు తిరిగింది.

"బొమ్మ వచ్చింది గదన్నా. ఇంక మీ నోట్లోంచి మాట రావాల," అంది అత్త.

ఆయన ఒళ్లంతా మేక వెంట్రుకలతో, ఆ కోటులోనే చేతులు జోడించి, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. తర్వాత మేమూ చెప్పుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

ఉంగరం బయటికి రానే లేదు. బరువైన లోహం కడుపులోనే నిలిచిపోతుందని పశువుల డాక్టరు చెప్పాడు. వేరే ఉంగరంతో పెళ్లి జరిగింది. ఆ మేకను కోయడానికీ అమ్మడానికీ ఎవరికీ చేతులు రాలేదు. అది కొత్త అల్లుడికన్నా ఎక్కువ మర్యాదతో ముసలిదయ్యేదాకా బతికింది.

పదకొండో రోజు ముగిశాక, బీరువా సర్దుతుంటే అత్తదే ఛాతీ ఎక్స్‌రే ఒకటి దొరికింది. పిన్నీసులన్నీ తీయించందే ఎవరికీ బటన్ నొక్కేది కాదామె. ఆమె ఫిల్ములో మాత్రం తాళిబొట్టూ, దానికి తగిలించుకున్న పిన్నీసులు నాలుగూ గొంతు కింద వరసగా పడ్డాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎత్తి పట్టుకున్నాను. ఆమె పక్కటెముకల గుండా పెనుకొండ కొండ నీలంగా కనిపించింది. పిన్నీసులు తెల్లగా పడిన నాలుగు చోట్లా ఎండ.