నీళ్ళు రుచి చూసే పెద్దాయన

మా కాలనీ ఈత కొలను పక్కన గోడకు ఒక నీలం బోర్డు ఉంటుంది. అందులో ప్రతి మాటా సంఘం కమిటీలో ఉన్న నేను దగ్గరుండి రాయించిందే. దిగే ముందు సబ్బుతో స్నానం చేయాలి. తలకు నూనెతో దిగకూడదు. నీళ్ళలో ఉమ్మకూడదు, మూత్రం పోయకూడదు. విరేచనాలైనవాళ్ళు, తగ్గిపోయినా సరే, రెండు వారాల దాకా కొలనులోకి రాకూడదు. ఆ చివరిది చదివి అందరూ నవ్వేవాళ్ళు. ఒకావిడ లిఫ్టులో నన్ను ఆపి, "మరీ అంత పచ్చిగా రాయాలా అండీ?" అని అడిగింది. సున్నితంగా రాస్తే మనవాళ్ళ తలకెక్కదండీ అన్నాను. నాకు నోటి దురుసు ఉందని కాలనీలో అందరికీ తెలుసు.

నేను శంషాబాద్ విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పనిచేస్తాను. చల్లగా ఉండాల్సిన మందుల పెట్టెలు చల్లగానే ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా పెట్టె పక్కకు పోవాల్సిందే, ఎవరు బతిమాలినా వినను. యాభై నాలుగేళ్ళు వచ్చాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఈమధ్య మానేశారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎనిమిదో అంతస్తులో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. బాల్కనీలో నిలబడితే దిగే విమానాలు కనిపిస్తాయి. మొదట్లో చూడటానికి బాగుండేది. తరువాత అన్నీ ఒకేలా అనిపించాయి. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి తలుపు వేసుకుంటే సోమవారం పొద్దున దాకా నా గొంతుతో నాకు పని ఉండేది కాదు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, ఏడుపు కోసమూ చెప్పడం లేదు. అలా ఉండేది, అంతే.

నడుం నొప్పి పట్టుకుంటే డాక్టరు ఈత కొట్టమన్నాడు. అప్పటికి నాకు యాభై ఒకటి. నాకు ఈత నేర్పింది కొలను చూసుకునే పెద్దాయన. తుక్కుగూడ దాటాక లోపల ఒక పల్లె ఆయనది. అరవై ఉంటాయి. నల్లగా, సన్నగా, తాడు పేనినట్టు ఉంటాడు. వాళ్ళ పొలంలో బావి ఉండేదట, ప్లాట్లు వేసినప్పుడు పూడ్చేశారట. కొలనును కూడా ఆయన బాయి అనే అనేవాడు.

"సార్, బాయిల ఈత నేర్సుకోవాల్నంటే వీపుకు డబ్బా కట్టాలె," అన్నాడు మొదటి రోజే.

ఖాళీ నూనె డబ్బా ఒకటి మూత బిగించి, నైలాను తాడుతో నా వీపుకు కట్టాడు. అరవై చిల్లర కిలోల మనిషిని, వీపున పసుపు డబ్బాతో, ఖరీదైన కాలనీలో నీళ్ళలో తేలుతుంటే పిల్లలు గుమిగూడి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన మాత్రం గట్టు మీద కూర్చుని, "కాళ్ళు ఆడియ్యుండ్రి సార్, నవ్వెటోళ్ళు నవ్వుతరు, మునిగితె మాత్రం ఎవ్వలు రారు," అన్నాడు. పదిహేను రోజులకు డబ్బా తీసేశాడు. ఆ రోజు ఆయన నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

అప్పట్నుంచి పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నేను నీళ్ళలో, ఆయన గట్టు మీద. మా ఊరి మిరపతోటల గురించి నేను చెప్పేవాణ్ణి, వాళ్ళ ఊరి బంధువుల తగాదాల గురించి ఆయన చెప్పేవాడు. రోజు మొత్తంలో నేను మాట్లాడాలని మాట్లాడే గంట అదొక్కటే.

మేం పోట్లాడుకునేది కూడా ఉంది. ఆయన నీళ్ళను నోటితో పరీక్షించేవాడు. పొద్దున రాగానే కొలనులోంచి దోసెడు నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, కాసేపు ఆగి, పక్కనున్న పూలమడిలో ఉమ్మేవాడు. "ఇయ్యాల మందు జర తక్కువైంది," అనో, "గిది సాలు," అనో తేల్చేవాడు. మందు అంటే క్లోరిన్. ఊళ్ళో బావి నీళ్ళు తాగడానికి పనికొస్తాయో లేదో వాళ్ళ నాన్న అలాగే చూసేవాడట. నేను పరీక్ష సీసా కొనిచ్చాను. గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, ఆ రంగును బట్టి మందెంతుందో తెలుస్తుంది. ఆయన నా తృప్తి కోసం చుక్కలు వేసి, నేనటు తిరగ్గానే దోసిలి పట్టేవాడు. విచిత్రమేమంటే ఆయన నాలుక చెప్పిందీ నా గొట్టం చెప్పిందీ ఎప్పుడూ ఒకటే అయ్యేది.

"మందు సంగతి నాలుకకు తెలుస్తుంది, పురుగు సంగతి తెలియదు పెద్దాయనా. మీరేదో ఒక రోజు మంచం పడతారు," అనేవాణ్ణి.

"మందేసినంక పురుగెట్ల బతుకుతది సార్?"

నేను ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. కొలను దగ్గర ఘాటు వాసన వస్తే శుభ్రంగా ఉందనుకుంటారు, తప్పు. చెమట, మూత్రం, ఒంటి జిడ్డు మందుతో కలిస్తేనే ఆ వాసన. కళ్ళు మండేదీ, పిల్లలకు దగ్గొచ్చేదీ అందుకే. మందు చాలా పురుగుల్ని చంపుతుంది కానీ, విరేచనాలు తెచ్చే కొన్ని మొండి పురుగులు మందు వేసిన నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతాయి. మనిషికి తగ్గిపోయినా ఒంట్లోంచి అవి ఇంకా పోతూనే ఉంటాయి. అందుకే రెండు వారాలు. ఇదంతా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. ఆయన తలూపేవాడు. నాకంటే బాగా అర్థం చేసుకున్నాడని తరువాత తెలిసింది.

మొన్న వేసవిలో ఆఫీసులో ఒకతని పెళ్ళికి షాద్‌నగర్ వెళ్ళాను. అక్కడ మంచినీళ్ళనుకుని ఏం తాగానో, మూడో రోజుకల్లా కడుపు చెడింది. వారం రోజులు మంచానికీ బాత్రూముకీ మధ్య తిరిగాను. ఆ వారంలో ఫోను చేసింది పెద్దాయన ఒక్కడే.

"ఏంది సార్, నాలుగొద్దులాయె కనవడక?"

"కడుపు బాగాలేదు పెద్దాయనా. విరేచనాలు."

"అయ్యో. దానిమ్మ తొక్క ఉడకవెట్టుకొని తాగుండ్రి. పక్కపొంటి ఎవలన్న ఉన్నరా?"

ఎవరో ఉన్నట్టే సమాధానం చెప్పాను.

విరేచనాలు కట్టిన మూడో రోజు పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చింది. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పది రోజులుగా ఆ చప్పుడే వింటున్నాను. నా బోర్డు నాకు గుర్తు లేక కాదు. రెండు వారాలంటే ఇంకా పదకొండు రోజులు ఆగాలి. ఆ పదకొండు రోజులు ఆ నాలుగు గోడల మధ్య ఎలా గడపాలో నాకు తోచలేదు. మంచి సబ్బుతో రెండుసార్లు స్నానం చేశాను. నాకేం కాదు, తగ్గిపోయింది కదా అని, ఎవరైనా పెట్టె తెచ్చి ఒక్క డిగ్రీయే కదా సార్ అని నన్ను బతిమాలినట్టే, నన్ను నేను బతిమాలుకున్నాను. ఆఫీసులో విననివాణ్ణి, ఇక్కడ విన్నాను.

పెద్దాయన గట్టు మీద వల కర్రతో ఆకులు తీస్తున్నాడు. నన్ను చూసి కర్ర ఆపాడు.

"తగ్గిందా సార్?"

"తగ్గింది."

"ఎన్నడు?"

"తగ్గిందిలే పెద్దాయనా," అన్నాను.

ఆయన నా మొహం వైపు చూశాడు. ఏదో అనబోయాడు. తరువాత నిచ్చెన దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. నేను దిగాను. ఆ పొద్దున నీళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

వారం తిరిగేసరికి కాలనీలో నలుగురు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్ళకంటే ఒక రోజు ముందే పెద్దాయన పడిపోయాడు. పిల్లలు నాలుగు గుక్కలు మింగి ఉంటారు. ఆయన రోజూ దోసిలి పట్టేవాడు. ఒళ్ళంతా నీరసించి ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అది నావల్లేనని ఏ పరీక్షా చెప్పలేదు, ఎవరూ చేయించలేదు. నాకు పరీక్ష అక్కర్లేకపోయింది.

సంఘం మీటింగు క్లబ్ హౌసులో పెట్టారు. సెక్రటరీ నా వయసువాడే, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. "అందరికంటే ముందు జబ్బు పడింది ఆయనే. ఆయన ఊళ్ళో నీళ్ళెలా ఉంటాయో ఏమో, ఇక్కడికి మోసుకొచ్చాడు. పైగా కొలను నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్ముతాడట," అన్నాడు. పిల్లల తల్లిదండ్రులు మండిపడుతున్నారు. వాళ్ళ కోపం న్యాయమే. ఎవరో నా వైపు తిరిగి, "మీకు ఈ విషయాలు బాగా తెలుసు కదా, మీరు చెప్పండి," అన్నారు.

లేచి నిలబడ్డాను. కమిటీలో చేరిన నాలుగేళ్ళలో ఆ గదిలో అందరూ నా మాట వినడానికి ఎదురుచూసింది అదే మొదటిసారి. మొండి పురుగుల గురించి చెప్పాను. నీళ్ళన్నీ తీసేసి, కడిగి, మళ్ళీ నింపాలని చెప్పాను. ఇక మిగిలింది, నేను దిగిన సంగతి, చెప్పలేదు. "నోట్లో పోసుకోవడం మాత్రం తప్పే. నేను చాలాసార్లు చెప్పాను," అని కూర్చున్నాను. నేనన్న ఆ ఒక్క మాటే అందరూ పట్టుకున్నారు. ఆయన్ని ఇక రావద్దని, కొత్త ఏజెన్సీకి ఇవ్వాలని తీర్మానం చేశారు. చేతులెత్తమన్నారు. నేను ఎత్తలేదు. ఎత్తలేదని ఎవరూ గమనించలేదు కూడా.

ఆదివారం స్కూటరు మీద వాళ్ళ ఊరికి వెళ్ళాను. రేకుల వరండాలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. వాళ్ళావిడ చాయ్ తెచ్చిచ్చి, "మీ గురించి రోజు చెప్తడు సార్," అని లోపలికి పోయింది. లోపల కోడళ్ళ గొంతులు, చంటిపిల్ల ఏడుపు, టీవీ. చాయ్ గ్లాసు పట్టుకుని ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఒక్కసారిగా చెప్పేశాను. రెండు వారాలు ఆగకుండా దిగాను, నా ఒంట్లోదే నీళ్ళలో కలిసింది, అందరి ముందూ తప్పు మీ మీదికి నెట్టాను అని.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే సార్."

"ఎలా?"

"ఫోన్ల మీరే చెప్పిన్రు గద, కడుపు బాగలేదని. ఎన్నొద్దులో లెక్క నాకూ వస్తది. బోర్డు మీరు పది సార్లు సదివి వినిపిస్తిరి."

"మరి ఆపలేదేం? ఆ తరువాతైనా చెప్పలేదేం?"

ఆయన మంచం తాళ్ళు వేలితో సర్దుకున్నాడు. "ఆపుదామనే అనుకున్న సార్. మీ మొకం జూసినంక నోరు రాలె. ఎన్కనన్న చెప్తునేమో, కని మిమ్మల్ని ఆడికి రానియ్యకపోతె మీరెటు పోతరు? నాకు ఇంట్ల ఏడుగురున్నరు. మీకు ఆ గంట తప్ప ఏమున్నది?"

అప్పటిదాకా నా ఒంటరితనం నాకొక్కడికే తెలిసిన సంగతి అనుకున్నాను. నేను దాచుకున్నదాన్ని ఆయన మూడేళ్ళుగా గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చాయ్ వేడికి అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను. అది నమ్మేంత అమాయకుడు కాదాయన. కానీ మొహం అటు తిప్పుకుని, కోడల్ని పిలిచి, సార్‌కు మంచినీళ్ళు తెమ్మన్నాడు.

ఇంటికొచ్చి కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాను. ఎక్కువ రాయలేదు. జబ్బుతో దిగింది నేను, పెద్దాయన కాదు, మీటింగులో చెప్పే ధైర్యం లేకపోయింది, ఆయన్ని వెనక్కి పిలవండి. పంపాక ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. జవాబులు చాలానే వచ్చాయి. పిల్లల తల్లిదండ్రులు రాసిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. లిఫ్టులో నన్ను ఆపిన ఆవిడ మాత్రం ఏమీ రాయలేదు. మర్నాడు సెక్రటరీ వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. పెద్దాయన్ని మళ్ళీ పిలుస్తున్నారు. నేను కమిటీ నుంచి తప్పుకోవాలి, ఏడాది పాటు కొలనులో దిగకూడదు. సరేనన్నాను. నా చేతిలో ఉంటే నేనూ అదే శిక్ష వేసేవాణ్ణి.

ఆ సాయంత్రం పెద్దాయన ఫోను చేశాడు.

"గ్రూపుల గట్లెందుకు రాసిన్రు సార్? నన్ను రమ్మన్నరు. మిమ్మల్ని మాత్రం దిగనియ్యరట గద?"

"ఏడాది దాకా దిగనివ్వరు పెద్దాయనా. అది సరైనదే."

అటువైపు టీవీ చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి.

"మల్ల రేపు పొద్దుగాల ఆరింటికి ఏం జేస్తరు సార్?"

నన్ను అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. తెలియదు పెద్దాయనా అన్నాను.