అవ్వ మానేసిన ఒక్కపొద్దు

శనివారం పొద్దున పావగడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాను. రెండోది లేవలేదు. "ఎక్కుతావామ్మా, చూసి పోదామని వచ్చినావా?" అన్నాడు కండక్టర్. జవాబు చెప్పేలోపే పడిపోయాను. సోలార్ ప్లాంటు పనికి పోతున్నవాళ్లు ఎత్తి ఇంటికి చేర్చారు. "ఈ పిల్లకు బరువే లేదప్పా!" అన్నాడు ఒకాయన. పడినందుకు ఏడవాల్సింది పోయి ఆ మాటకు మురిసిపోయాను. జబ్బు అప్పటికే అంత ముదిరింది.

అప్పుడు నేను పీయూసీ, అంటే ఇంటర్, మొదటి సంవత్సరం. మా చిన్నాన్న పెళ్లి ఫొటోలో నాకంటే ముందు నా బుగ్గలు వచ్చాయి. తగ్గాలనుకున్నాను. మా ఇంట్లో అన్నం వద్దంటే తిట్లు. ఒక్కపొద్దు అంటే మాత్రం ఎవరూ నోరెత్తరు. మా అవ్వ ఏళ్లుగా శనివారం ఒక్కపూటే తింటుంది. ఆమెతో మొదలుపెట్టి, సోమవారం, గురువారం కలుపుకున్నాను. వారంలో దేవుళ్లకు కొదవ లేదు.

కొన్నాళ్లకు ముట్టు ఆగిపోయింది. ముట్టయితే ఒక్కపొద్దు ఉండకూడదు. నాకు మాత్రం నెలల తరబడి ఒక్క శనివారమూ తప్పలేదు. "చూడండి, దేవుడే అడ్డం రానీలేదు," అని అవ్వ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది.

బస్సు దగ్గర పడ్డాక నన్ను తీసుకుపోయిన తుమకూరు ఆస్పత్రిలో నర్సు నా పల్స్ చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూసింది. ఈసీజీ, రక్త పరీక్షలు. పొటాషియం తక్కువ. అనొరెక్సియా నెర్వోసా, లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు అన్నారు. "దానికి ఇంజెక్షన్ ఉండాదా మేడం?" అని అడిగాడు నాన్న. "అన్నమే మందు," అంది డాక్టరమ్మ. అంత దూరం పోయి రాయించుకున్న మందు మా పొయ్యి మీదే ఉంది.

ఆమె కన్నడంలో నిదానంగా చెప్పింది. "గ్రెలిన్ అనే హార్మోన్ ఆకలిగా ఉందని మెదడుకు చెప్తుంది. నీకది ఎక్కువే ఉంది, మెదడు వినడం లేదు. కొవ్వు కరిగి, ఒంట్లో నిల్వ ఉందని మెదడుకు చెప్పే లెప్టిన్ పడిపోయింది. తిండి చాలడం లేదని మెదడు నెలసరి ఆపేసింది."

మంచం పక్కన అవ్వ కూర్చుని ఉంది. "అంటే అది దేవుడు కాదా మేడం?"

"కాదజ్జీ. ఆకలి."

ఆ వార్డులో నాకు జోకు తోచనిది అప్పుడొక్కసారే.

మొదట కొంచెం కొంచెమే పెట్టారు. ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పట. ఇంటికొచ్చాక చుట్టాలు ఓళిగలు, వేరుశనగ ఉండలు పట్టుకొచ్చి, టీవీ చూసినట్టు నా నోరు చూశారు. "ఇంకొంచెం తిను పాపా." నేను కొరికి పక్కన పెట్టేశాను. బరువు జారింది, మళ్లీ అడ్మిట్ చేశారు. గుంపు వద్దు, పక్కన ఒక్కరే కూర్చుని తినండి అంది కౌన్సెలర్. ఆ ఒక్కరూ అవ్వే.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను, నాతోటివాళ్ల కంటే ఒక ఏడాది వెనక. ముట్టు వస్తోంది. బోన్ డెన్సిటీ మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చన్నారు. నా ఆకలిని నేనింకా నమ్మను, గడియారం చూసి తింటాను.

అవ్వ ఒక్కపొద్దు మానేసింది. "నువ్వు ఒక్కపొద్దుండు అవ్వా, నాకేం కాదు," అని నేనంటే, "నాకూ ఆకలైతాది లే," అంటుంది. శనివారం రాత్రి సంగటి ముద్ద ఆమె చేతిలో ఎంతసేపు ఉంటుందో నాకు కనపడుతూనే ఉంటుంది.

మా వీధిలో ఎవరైనా తమ పిల్ల ఒక్కపొద్దులుంటోందని గొప్పగా చెప్తే అవ్వ మొహమాటం లేకుండా, "ముట్టు సరిగా వస్తాందా?" అని అడుగుతుంది. వాళ్లు సిగ్గుపడి నా వైపు చూస్తారు. మీరూ అడగండి. తిండి తగ్గించిన పిల్లకు మూడు నెలలు ముట్టు రాకపోతే, ఇంకో శనివారం దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.